పరుపారోహణ పర్వం

అవధరించండి. ముందుగా ఇష్టదేవతాస్తుతి. ఎవరిని తలవకుండా బెజవాడలో ఏ దుకాణం షట్టరూ పైకి లేవదో, ఆ ఇంద్రకీలాద్రి అమ్మవారు మన కథానాయకుణ్ణి కాచుగాక. గల్లాపెట్టె మీద అగరొత్తుల పొగలో కొలువైన బుల్లి వినాయకుడు అతని ప్రొబేషన్‌ను నిర్విఘ్నంగా గట్టెక్కించుగాక. కుకవినింద బదులు, అరలన్నీ విప్పించి, ఏసీ గాలి తృప్తిగా పీల్చి, ఖర్చీఫు కూడా కొనకుండా వెళ్లే మహానుభావులకు ఒక నమస్కారం.

ఇక పురవర్ణన. కృష్ణాతీరాన, ఎండకు తారు సైతం మెత్తబడే విజయవాడ అనే మహానగరం. అందులో బీసెంట్ రోడ్డు అనే రాజవీధి. తోపుడుబళ్ల పదాతిదళాన్ని ఛేదించుకుని వెళితే ఒక చీరల దుకాణం. గాజు తలుపు తోస్తే హిమవంతుడి నిశ్వాసం ముఖాన కొడుతుంది. గోడల నిండా అరలు, అరల నిండా చీరలు, వాటి ముందు తెల్లదుప్పటి పరిచిన పరుపు. పరుపా అది? క్షీరసాగరం! దాని మీద బాసింపట్టు వేసుకుని శేషశాయికి అన్నలా వెలిగేవాడు సేల్స్‌మన్. వెనకాల, అరలకు వీపు ఆనించరాదన్న రాజాజ్ఞకు లోబడి నిలబడ్డవాడు హెల్పర్. డిగ్రీ పూర్తి, మీసం అసంపూర్తి. వాడే మన నాయకుడు.

వాడి తపస్సు ఏమని చెప్పేది! అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసింది ఈ ఊరి ఇంద్రకీలాద్రి మీదేనని స్థలపురాణం. ఆయన నిలబడ్డది ఒంటికాలి మీద. మనవాడు రెండు కాళ్ల మీదే గానీ, పొద్దున్న పదింటి నుంచి రాత్రి షట్టరు దించేదాకా. ఆయన తపస్సుకు అడ్డొచ్చింది ఒక్క అడవిపంది. మనవాడికి గంట గంటకూ ఫ్లోర్ మేనేజరు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు ఉండాలని చట్టాలు సవరించుకున్నాయన్న శుభవార్త వాడి సెల్‌ఫోన్‌ దాకా వచ్చింది. స్టాక్ రూములో నిలబడే చదువుకున్నాడు.

తరువాత విద్యాభ్యాసం. చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్కతో ఆరు పైచిలుకు. అంచు అంచుకు కలవాలి, కొంగు పైకి కనపడాలి, ధర చీటీ మాత్రం కనపడకూడదు. ఇంట్లో తన దుప్పటి ఏనాడూ మడవని వీరుడు ఇక్కడ ధర్మవరం పట్టును పసిబిడ్డలా ఎత్తుకుని మడవడం నేర్చాడు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు అయితే గద్వాల అని, నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దేది పోచంపల్లి అని, మగ్గం మీదే పువ్వు పూసేది ఉప్పాడ జాందానీ అని వేళ్లతో గుర్తుపట్టసాగాడు. వచ్చిన కొత్తలో వాడికి తెలిసిన ఎరుపు ఒక్కటే. ఇప్పుడు కనకాంబరం, రాణీ పింక్, ఉల్లిపొర, మెంతిరంగు, రామా గ్రీన్, నెమలికంఠం పేర్లు చెబితే కళ్లు మూసుకుని అర తాకుతాడు.

ఋతువులు ఆరంటారు కావ్యజ్ఞులు. బట్టల కొట్టుకు రెండే. పెళ్లిళ్లు లేక బేరాలు సన్నగిల్లి, తగ్గింపు బోర్డులు వేలాడే ఆషాఢం ఒకటి. పెళ్లిళ్లూ వరలక్ష్మీ వ్రతమూ కలిసి దండెత్తే శ్రావణం రెండోది.

ఆ శ్రావణానికి ముందు సీనియర్ సేల్స్‌మన్ మంత్రోపదేశం చేశాడు. "ఒరేయ్ అబ్బాయ్, మాటలు నేర్చుకోకు. చెయ్యి చూడు. నోటితో వద్దన్న చీర మీదికి చెయ్యి మళ్లీ వెళ్లిందంటే, ఆ చీర మడవకు."

"అలాగే బాబాయ్!"

అంతలో యుద్ధం వచ్చిపడింది. పెళ్లికూతురు, తల్లి, మేనత్త, కాబోయే అత్తగారు. చతురంగబలం! "ఇందులోనే వేరే రంగు" అని తల్లి బాణం. "ఇదే రంగులో పెద్దంచు" అని అత్తగారి ప్రతిబాణం. పట్టుచీరలు ప్రవాహమై పరుపును ముంచెత్తాయి. టీలు వచ్చాయి, కూల్‌డ్రింకులు వచ్చాయి, ఎవరికీ ఏదీ నచ్చలేదు. చివరికి మేనత్త నడుం మీద చెయ్యి వేసి, ఏ సేల్స్‌మనూ తట్టుకోలేని బ్రహ్మాస్త్రం వదిలింది: "సరే, చూసొస్తాం."

బాబాయ్ అంతటివాడు తలవంచాడు. మన నాయకుడు మాత్రం చీరలన్నీ మడిచి, ఒక్క నెమలికంఠం చీర విప్పే ఉంచాడు. పెళ్లికూతురు "డల్‌గా ఉంది" అంటూనే దాని కొంగు మళ్లీ మళ్లీ తడమడం వాడి కంట పడింది. చీర తీసుకుని గాజు తలుపు దగ్గరికి నడిచాడు. "ట్యూబులైటు కింద రంగు తెలియదమ్మా, బయటి వెలుతురులో ఒక్కసారి చూడండి." ఎండ తగలగానే నెమలి పురివిప్పింది. అత్తగారి మౌనమే అంగీకారం. బిల్లు కొట్టారు.

ఆ రాత్రి లెక్కలు చూసుకున్నాక బాబాయ్ అన్నాడు. "రేపట్నుంచి పరుపెక్కరా."

ఆరోహణ మహోత్సవం జరిగింది. దేవతలు పువ్వులు కురిపించలేదు గానీ, ఫ్యాను గాలికి పాత ఆషాఢం బోర్డు నుంచి రెండు చెమ్కీలు రాలాయి. వాడు దర్జాగా బాసింపట్టు వేశాడు. మధ్యాహ్నానికి కాళ్లు తిమ్మిరెక్కాయి. సాయంత్రానికి నడుం ఒకటుందని తెలిసింది. అప్పుడు తల తిప్పి చూస్తే గల్లాపెట్టె పక్కన, వీపు ఆనించుకోవడానికి వీలున్న కుర్చీలో ఫ్లోర్ మేనేజరు కనపడ్డాడు.

ఇది సకల వస్త్రరాశి మర్దన ధురీణుండును, కొక్కెపుకర్రధారియు, ఇన్సెంటివ్ ప్రతీక్షా పరాయణుండును నగు హెల్పరు చరిత్రంబునందు ప్రథమాశ్వాసము సమాప్తము. ద్వితీయాశ్వాసమున కథావస్తువు కుర్చీ.