సర్వే నెంబరు పంట

మా గుమ్మఘట్టలో సర్వే నెంబరు లేని చేను లేదు. నెంబరుంటే పంట పండేదే అయితే శనక్కాయలమ్మి మేమంతా మేడలు కట్టేవాళ్లం. ఈ సంగతి యూనివర్సిటీలకు ఇంకా తెలిసినట్టు లేదు. పత్రికకు ఐఎస్‌ఎస్‌ఎన్ నెంబరుందా? అయితే అందులో పడింది పరిశోధనే!

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924లో ‘భారతి’ పెట్టేనాటికి ఆ నెంబరే పుట్టలేదు. మల్లంపల్లి సోమశేఖరశర్మ లాంటివారు శాసనాలు చదివి చదివి కళ్లు అరగదీసుకుని అందులో రాసేవారు. పాపం, ఎన్ని పాయింట్లు పోగొట్టుకున్నారో.

2010లో యూజీసీ లెక్చరర్ల ప్రమోషన్లకు పాయింట్ల పద్దు తెరిచింది. అంతే, మా సీమలో వాన పడకుండానే పుట్టగొడుగుల్లా పత్రికలు మొలిచాయి. 2017లో ఆమోదించిన పత్రికల జాబితా వచ్చింది. మరుసటేడు అందులోంచి 4,305 పేర్లు పీకేశారు. 2019లో ‘కేర్’ జాబితా అన్నారు. 2025లో అదీ ఎత్తేసి, మంచిచెడ్డలు మీరే చూసుకోండన్నారు. జాబితా మారినప్పుడల్లా అంగడి బోర్డు మారింది, సరుకు మారలేదు. అన్నట్టు, హైదరాబాదు నుంచి నడిచే ఓమిక్స్ అనే పత్రికల సంస్థను, వ్యాసాల సమీక్ష గురించి అబద్ధాలు చెప్పినందుకు, 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమని తీర్పిచ్చింది. తెలుగువాడి ఖ్యాతి ఖండాంతరాలు దాటడమంటే ఇదే కాబోలు.

మా అన్న కొడుకు లెక్చరరు. మా వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు ఆయకట్టు గురించి వ్యాసం రాశాడు. రాత్రి పంపితే, మా ఇంట్లో పెరుగు తోడుకునేలోగా ఇద్దరు పండితులు చదివి ‘అత్యుత్తమం’ అని తేల్చారట. డబ్బు కట్టిన సాయంత్రానికి సర్టిఫికెట్ వచ్చింది, బంగారు అంచుతో. లామినేషన్ చేయించి దేవుడి పటాల పక్కన తగిలించాడు.

వ్యాసం నేను చదివాను. బహుశా నేనొక్కణ్నే. మొదటి పేజీలోనే ‘వేదవతి జీవనది’ అని ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప ఏమీ కనిపించని మా వేదవతి!

“ఇదేమిరా?” అన్నాను.

“పేజీలు నిండల్లని రాసినా చిన్నాయనా. ఎవరు చదువుతారులే. పాయింట్లొచ్చినాయి.”

అరుగు మీద కూర్చున్న మా అన్న తల తిప్పాడు. నాలుగు బోర్లేయించి నాలుగూ ఎండబెట్టుకున్న మనిషి.

“ఆ నది యాడుందో చూపీ నాయనా, మోటారు తీసుకొస్తా.”