మిణుకులే నా కొలబద్ద

నేను ఆస్ట్రోశాట్‌ ఉపగ్రహంలోని సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోపును. పుట్టింది ముంబైలో, టాటా మౌలిక పరిశోధన సంస్థలో. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ ఎక్కి 650 కిలోమీటర్ల ఎత్తుకు చేరాను. నింగి నుంచి వచ్చే ఎక్స్-రేలను గాలి నేల దాకా రానివ్వదు. అందుకే నా కొలువు ఇక్కడ.

ఎక్స్-రే అద్దానికి ఎదురుగా తగిలితే అందులోనే ఇంకిపోతుంది. అందుకని బంగారు పూత పూసిన నా అద్దాలను గొట్టాల్లా ఒకదానిలో ఒకటి పేర్చారు. చెరువు మీద ఏటవాలుగా విసిరిన పెంకు కప్పగంతులు వేసినట్టు, కిరణం వాటిని రెండుసార్లు రాసుకుని జారుతుంది. రెండు మీటర్ల అవతల, సుమారు మైనస్ 80 డిగ్రీల చలిలో ఉన్న సీసీడీ కెమెరా మీద పడుతుంది.

అక్టోబరు 26న కెమెరా తలుపు తీసి నాకు మొదట చూపించింది పీకేఎస్ 2155-304 అనే బ్లేజార్‌ను. దాదాపు 150 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. ఆ గెలాక్సీ నడిమధ్య భారీ కృష్ణబిలం. అక్కడి నుంచి కాంతితో పోటీపడే వేగంతో చిమ్మే జెట్ దాదాపు మనవైపే తిరిగి ఉంది. ఎంత తేరిపార చూసినా నాకది చుక్కే. కానీ నిలకడ లేని చుక్క. గంటల్లోనే పెరుగుతుంది, తరుగుతుంది. ఆ తొందరే దాని కొలత చెబుతుంది. గంటలో వెలుగు బాగా మారిందంటే, వెలిగే చోటు కాంతి గంటలో దాటే 108 కోట్ల కిలోమీటర్లను మించకూడదు. జెట్ మనవైపు దూసుకొస్తుంది కాబట్టి మార్పులు మనకు మరింత త్వరగా జరిగినట్టు కనిపిస్తాయి. అది సవరిస్తే లెక్క పది ఇరవై రెట్లు పెరగొచ్చు. అయినా ఒక గెలాక్సీ ముందు అదెంత!

ఆ ఎక్స్-రేలు ఎలక్ట్రాన్లవి. అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ అవి వెదజల్లే సింక్రోట్రాన్ వెలుగు. శక్తి ఎక్కువున్న ఎలక్ట్రాన్ దాన్ని అంత త్వరగా ఖర్చు చేసేస్తుంది. అందుకే నా పక్కనున్న అతినీలలోహిత టెలిస్కోపుకు అందే వెలుగు తాపీగా మారుతుంటే, నాకు అందేది ఎగిరిపడుతుంది. అవే ఎలక్ట్రాన్లు తాము పుట్టించిన వెలుగునే ఢీకొని గామా కిరణాలుగా పైకెత్తుతాయని చాలామంది వాదన. 2006 జూలైలో నమీబియాలోని హెస్ టెలిస్కోపులు ఈ బ్లేజార్ గామా వెలుగు మూడు నిమిషాల్లోనే మారడం చూశాయి.

ఇంతకీ ఎలక్ట్రాన్లకు అంత ఊపు ఎక్కడిది? దానికి ఆధారం కిరణాల ధ్రువణం, అంటే అవి ఏ దిశలో కంపిస్తున్నాయన్నది. అది నేను చెప్పలేను. నా తర్వాత వచ్చిన ఉపగ్రహం ఐఎక్స్‌పీఈ చెప్పగలదు. మార్కేరియన్ 501 అనే బ్లేజార్‌లో ఎక్స్-రేల ధ్రువణం మామూలు కాంతి ధ్రువణానికి రెట్టింపు పైనే ఉందని 2022లో అది తేల్చింది. ఎలక్ట్రాన్లను తరిమింది ఆఘాత తరంగమేనన్న వాదానికి దాంతో బలం వచ్చింది. వెలిగే చోటు ఎంతో నేను కొలుస్తాను, దాన్ని వెలిగించిందెవరో అది ఆరా తీస్తుంది.