లేటుకు రేటు

ఆస్పరి పిల్లోడు ఆదోనిలో ఓ ప్రైవేటు కొలువుకు ఇంటర్వ్యూకు పోయినాడు.

"అనుకోకుండా ఆలస్యమైతే ఏం చేస్తావ్?"

"ముందుగాల ఫోన్ చేస్తా సార్. కారణం చెప్తా. మళ్లా కాకుండా చూసుకుంటా."

"భేష్! ఎవరు నేర్పినారు?"

"సర్కారును చూసి నేర్చుకున్నా సార్. అది చేయనివన్నీ రాసుకున్నా. 1998 డీఎస్సీలో అర్హులైనోళ్లకు కొలువులు 2023లో ఇచ్చె. అదీ కాంట్రాక్టు మీద. చాక్‌పీసు పట్టేసరికి కొందరికి రిటైర్మెంటు దగ్గరపడె. ఆలస్యమవుతాదని ఒక్క ఫోనన్నా చేయకపాయె."

"అది పాత కథ లేప్పా."

"కొత్తది చెప్తా సార్. ఉపాధి పనిలో మా యమ్మ పొద్దున ఒకసారి, మధ్యాన్నం ఒకసారి యాప్‌లో ఫొటో దిగాల. దిగకుంటే హాజరు లేదు. కూలి మాత్రం సర్కారుకు తోచినప్పుడు పడతాది. పదిహేను రోజుల్లో వేయాలని 2005 ఉపాధి హామీ చట్టం చెప్పె. దాటితే పరిహారం రోజుకు 0.05 శాతం. అంటే మూడు నూర్ల కూలికి పదిహేను పైసలు."

"అయితే ఏమంటావ్?"

"నేను లేటుగా వచ్చిన రోజు జీతంలో అదే రేటున కోసుకోండి సార్!"