94 దగ్గర ఆగిన బావగారు

మా బావగారికి ఇంటర్నెట్‌తో పెద్దగా పనిలేదు. పొద్దున్నే తిథి, వర్జ్యం చూసుకుంటారు. మధ్యాహ్నం కాసిని వార్తలు వింటారు. రాత్రి భోజనమయ్యాక ఎవరిదో ప్రవచనం పెట్టుకుని పది నిమిషాల్లో గురక అందుకుంటారు. ఆ ప్రవచనం చెప్పే పెద్దాయన కుర్చీలోంచి కదలరు కాబట్టి బొమ్మ ఎంత మసగ్గా ఉన్నా పుణ్యంలో తేడా రాదు. ఈ మాత్రం అవసరానికి బావగారు సెకనుకు 200 మెగాబిట్ల ప్లాను తీసుకున్నారు. ఫుల్ హెచ్‌డీ సినిమాకి 5, 4కె సినిమాకి 15 ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెబుతున్నారని ఓసారి అనబోయాను.

"చాలుతుందా చాలదా అన్నది కాదోయ్. డబ్బు కట్టింది రెండొందలకి. వస్తోంది తొంభై నాలుగు. మిగతా నూట ఆరు ఎవడు తింటున్నాడు?"

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. ఒకప్పుడు పాలవాడి ముందు లాక్టోమీటరు ముంచింది వీళ్లే. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడిని నిలబెట్టి తూకం వేయించిందీ, పెట్రోలు బంకులో స్కూటర్ దిగి వంగి మరీ సున్నా చూసిందీ వీళ్లే. ఇప్పుడు పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి, స్కూటర్ మూలపడింది. అనుమానం మాత్రం ఎక్కడికి పోతుంది? స్పీడ్ టెస్టు దొరికింది.

మా బావగారి కేసు కాస్త ముదరడానికి వేరే కారణం కూడా ఉంది. ఆయన విద్యుత్ శాఖలో చేసి రిటైరయ్యారు. సబ్‌స్టేషన్లో గంటగంటకీ రీడింగు రాసిన చెయ్యి. ఇంటికొచ్చాక రాయడానికి ఏమీ లేక విలవిల్లాడిపోయింది. కొన్నాళ్లు బీపీ రాశారు. బీపీ మరీ మర్యాదగా రోజూ ఒకేలా ఉండేసరికి విసుగొచ్చి మానేశారు. నెట్ అలా కాదు. గుంటూరు బ్రాడీపేటలో వాళ్లింట్లో రూళ్ల పుస్తకమొకటి ఉంది. తేదీ, టైము, డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్, చివర్న రిమార్కులు. పుస్తకం మొత్తమ్మీద చదవదగ్గది ఆ రిమార్కుల గడే. 'వాన.' 'క్రికెట్టు.' 'పక్క వీధిలో కొత్త స్తంభం.' 'కారణం లేదు.' ఒకచోట 'మీ అక్క' అని మాత్రమే ఉంది. ఆ రోజు ఏం జరిగిందో అక్కయ్యని అడిగే ధైర్యం నాకు లేదు.

టెస్టులోనూ ఆయనకి నియమాలున్నాయి. ప్రొవైడర్ సొంత సర్వరు మీద టెస్టు పెడితే అంకె బాగానే వస్తుంది. కానీ అది ఇంటిమనిషి సాక్ష్యమట, చెల్లదు. అందుకని గుంటూరులో కూర్చుని సింగపూర్ సర్వరు మీద పెడతారు. సముద్రం దాటి వెళ్లొచ్చిన పింగు కాస్త ఆలస్యంగా వచ్చిందని నెట్ కుర్రాడికి ఫోన్ చేసి చెబుతారు. వైఫై మీద చేసిన టెస్టు కూడా చెల్లదు. "అది గాలి లెక్క. వైరు పెట్టి కొలిస్తేనే కొలత" అంటారు. ఈ మాట నిజమే, తెలిసినవాళ్లెవరైనా అదే చెబుతారు. అందులోనే ఆయన దెబ్బతిన్నారు, ఆ సంగతి తర్వాత.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి అక్కయ్య డాలస్‌లో ఉన్న కూతురికి వీడియో కాల్ చేస్తుంది. మనవరాలు కొత్తగా నేర్చుకున్న కూచిపూడి అడుగులు చూపించేది అప్పుడే. ఆ వేళకి ఊరంతా సినిమాల మీదా సీరియళ్ల మీదా ఉంటుంది. ఫైబరే అయినా ఒక పోర్టులో దిగే రెండున్నర గిగాబిట్లను మామూలుగా 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు కాబట్టి రాత్రిపూట లైను కుంగుతుంది. బావగారింట్లో యాభైకి పడుతుంది. వీడియో కాల్‌కి అదీ ఎక్కువే. కానీ లోపలి గదిలో బావగారు 9 గంటల రీడింగు తీస్తుంటారు. ఆ టెస్టు ఒకేసారి బోలెడు కనెక్షన్లు తెరిచి, ఉన్న యాభైనీ తనవైపే లాగేసుకుంటుంది. హాల్లో మనవరాలు ఒక కాలు గాల్లో పెట్టి ఆగిపోతుంది.

"ఏవండీ, మళ్లీ ఆగిపోయింది!"

"ఉండు, టెస్టు పెట్టే ఉంది, చూస్తున్నా."

అరనిమిషంలో టెస్టు ముగుస్తుంది. గాల్లో కాలు నేల మీద ఆనుతుంది. బావగారు గుమ్మం దాకా వచ్చి, "చూశావా? నేను టెస్టు పెట్టబట్టే కుదురుకుంది" అంటారు. అక్కయ్య నిజంగానే నమ్ముతుంది. ఈమధ్య కాల్ ఎత్తే ముందు తనే, "ఏవండీ, ఓ టెస్టు పెట్టి ఉంచండి" అంటోంది. నేను చెప్పి చూశాను. ముప్పై ఏళ్లు కరెంటు శాఖలో చేసిన ఆయనకి తెలుస్తుందా, నీకు తెలుస్తుందా అంది.

ఓసారి అల్లుడిగారి చేత డాలస్‌లో టెస్టు పెట్టించారు, తప్పు అటువైపేమో తేల్చుకుందామని. అక్కడ తొమ్మిదొందల చిల్లర వచ్చింది. బావగారు ఆ పూట పెరుగన్నం కలుపుకోకుండానే లేచారు.

ఇక రౌటర్ పెట్టిన చోటు. మొదట దాన్ని వాస్తు ప్రకారం ఆగ్నేయంలో పెట్టారు. ఆగ్నేయమంటే వంటగది. వంటగది అంటే మైక్రోవేవ్ పక్కన. పాత వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే మైక్రోవేవ్ కూడా పనిచేస్తుంది కాబట్టి అక్కయ్య అప్పడం కాల్చినప్పుడల్లా బావగారి ప్రవచనం నత్తినత్తిగా వచ్చేది. పైగా దుమ్ము పడకుండా అక్కయ్య దానికో కుట్టుపువ్వుల గుడ్డ కప్పింది. రౌటర్ ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో ఉండాలని ఎవరో చెప్పారు. ఇంటి మధ్య అంటే బ్రహ్మస్థానం. అక్కడ బరువు పెట్టకూడదు. సైన్సుకీ శాస్త్రానికీ మధ్య బావగారు రెండు వారాలు నలిగారు. చివరికి బరువు నేల మీద ఉంటేనే దోషం, గాల్లో ఉంటే లేదని ఆయనకే తోచింది. హాలు మధ్య కప్పుకి, వెనకటికి అమ్మాయి ఉయ్యాల వేసిన కొక్కెం ఉంది. ఇప్పుడు రౌటర్ ఆ కొక్కేనికి ఉట్టిలో పెరుగు కుండలా వేలాడుతూ పచ్చ లైట్లు ఆర్పి వెలిగిస్తుంటుంది. వచ్చినవాళ్లు తల వంచి దాని కింద నుంచి వెళ్లాలి. ఒప్పుకోక తప్పదు, సిగ్నల్ మాత్రం అన్ని గదుల్లోకీ బ్రహ్మాండంగా వస్తోంది.

నెట్ కుర్రాడి గురించి చెప్పకపోతే పాపం. పాతికేళ్లుండవు, భుజాన కేబుల్ చుట్ట, బండి మీద నిచ్చెన. బావగారు ఫోన్ చేయగానే ముందు "ఆఫ్ చేసి ఆన్ చేశారా సార్?" అంటాడు. చేశామంటే "పైనుంచే ప్రాబ్లం సార్" అంటాడు. ఈ రెండో మాట వినడం కోసమే నేను అప్పుడప్పుడూ పనిగట్టుకుని గుంటూరు వెళతాను. ఎందుకంటే ఒకప్పుడు మా ఇంట్లో సాయంత్రం ఏడైతే ట్యూబ్‌లైటు పట్టుకునేది కాదు, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. సొంత బావగారు డిపార్టుమెంటులో ఉన్నారు కదా అని చెప్పుకుంటే, "లో వోల్టేజి పైనుంచేనోయ్, ఇక్కడ మా చేతుల్లో ఏముంది?" అనేవారు. ఏళ్ల తరబడి అదే మాట. పైన ఉన్నదెవరో మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ అదే మాట ఓ కుర్రాడి నోట వింటూ ఆయన మొహం మాడ్చుకుంటే, నేను అక్కయ్య ఇచ్చిన కాఫీ నెమ్మదిగా తాగుతాను.

కంపెనీ మీద ఫిర్యాదు రాస్తానని కూర్చున్నారోసారి. నిబంధనలు తిరగేస్తే ఇంకో అవమానం ఎదురైంది. 2004లో మన ప్రభుత్వం కనీసం 256 కిలోబిట్లు వస్తే బ్రాడ్‌బ్యాండ్ అంది. 2023లో దాన్ని 2 మెగాబిట్లకి పెంచింది. అంటే ఆయనకి వస్తున్నది ఆ లెక్కన నలభై ఏడింతలు. ఆ 256 రోజుల్లో ల్యాండ్‌లైన్ మోడెం పెట్టుకుని అమ్మాయి ఎంసెట్ ర్యాంకు చూసింది ఈ ఇంట్లోనే. పేజీ తెరుచుకోవడానికి అరగంట పట్టింది. బావగారు అప్పుడు స్పీడు కొలవలేదు, హనుమాన్ చాలీసా చదివారు. ఆ సంగతి గుర్తుచేస్తే, "అప్పుడు రెండొందలకి డబ్బు కట్టలేదుగా" అన్నారు. ఆయనతో వాదన పెట్టుకోకూడదు.

అయినా మనిషి మంచివాడు. మేడమీద అద్దెకున్న మాస్టారి అబ్బాయికి ఉద్యోగం ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో పడింది. వాళ్లకి నెట్ లేదు. బావగారు తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, అక్కయ్య ఫోన్ లాక్కుని, టీవీ ప్లగ్గు పీకి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. గంటన్నర. ఆ గంటన్నరలో ఒక్క టెస్టు పెట్టలేదు. రూళ్ల పుస్తకంలో ఆ రోజు 11 గంటల గడి ఖాళీ. పక్కన రిమార్కు: 'ఇంటర్వ్యూ.' పిల్లాడికి ఉద్యోగం వచ్చింది.

తొంభై నాలుగు గుట్టు తేల్చింది చివరికి ఆ నెట్ కుర్రాడే. పుస్తకం మొత్తం తిరగేశాడు. పొద్దున నాలుగింటికి కూడా 94, సంక్రాంతి నాడు కూడా 94. "సార్, పైనుంచి తగ్గితే రోజుకో రకంగా తగ్గుతుంది. ఇలా ఒకే అంకె దగ్గర ఆగదు. ఆ వైరు ఎక్కడిది?" అన్నాడు. ఆ వైరు బావగారి సొంత పని. ఆఫీసులో పాత కంప్యూటర్లు పారేస్తుంటే తెచ్చి దాచుకున్న కేబుల్. కప్పు నుంచి గోడ వెంట, జానెడు దూరానికో క్లిప్పు కొట్టి, ఎక్కడా వంకర లేకుండా లాగారు. ఎవరు వచ్చినా ముందు ఆ వైరింగే చూపించేవారు. దానిలోపల ఎనిమిది తీగలుంటాయి. నూరు మెగాబిట్లకైతే నాలుగు చాలు, నూరు దాటాలంటే ఎనిమిదీ కావాలి. గోధుమరంగు తీగ ఒకటి పిన్నులోకి వెళ్లలేదు. దాంతో లైను నూరు దగ్గరే నిలిచిపోయి, పైఖర్చులు పోను ఆయన చేతికి 94 వచ్చేది. ఆయన చెల్లదన్న గాలి లెక్క మీద అక్కయ్య ఫోన్లో ఇన్నాళ్లూ పగలంతా 180 వస్తూనే ఉంది.

కుర్రాడు కొత్త పిన్ను నొక్కాడు. 196.

బావగారు ఆ అంకెను చాలాసేపు చూశారు. సంతోషించాలో ఎవర్నైనా తిట్టాలో తేలలేదు. కుర్రాడికి రెండొందలిచ్చి, "నాలుగు తక్కువ ఎందుకుందో పైవాళ్లని కనుక్కో" అని పంపారు.

ఆ తర్వాత మనిషి పాలిపోయాడని అక్కయ్య దిగులుపడింది. పుస్తకం తెరవడం లేదట. పోయిన నెల శుభలేఖ ఇవ్వడానికి ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. మంచినీళ్లు ఇచ్చేలోపే బావగారు మా వైఫై పాస్‌వర్డ్ అడిగారు. హాల్లో పెట్టారు, 31. పడగ్గదిలో 12. వంటింట్లో చక్రం తిరుగుతూనే ఉంది. ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. చొక్కా చేతులు మడిచారు. స్టూలు తెప్పించారు.

"చెల్లెమ్మా," అన్నారు మా ఆవిడతో, స్టూలెక్కి కప్పు వంక చూస్తూ, "ఈ ఇంట్లో ఉయ్యాల కొక్కెం ఎక్కడుంది?"