పంచాంగఫలక పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
మూడు పురుల హాళ్లు ముందర నిలబెట్టి
తెల్లవారు ముందు తేది నిలిపి
పైక మడుగనట్టి పంచాంగఫలకమ్ము
వెదకి పట్టువాడె విబుధుఁ డగును

అవతారిక: మూడు ఊళ్లలో కళ్యాణమండపాలున్న యజమానికి బుకింగ్ వెబ్‌సైటు కట్టబోతూ, ఏ క్యాలెండర్ లైబ్రరీ తేవాలో తేల్చుకోలేని ప్రోగ్రామరుకు కవి చేసిన హితబోధ.

ప్రతిపదార్థం: మూడు పురుల = తెనాలి, బాపట్ల, రేపల్లెల యొక్క; హాళ్లు = ఏసీవీ, నాన్ ఏసీవీ అయిన మండపాలను; ముందర నిలబెట్టి = ఒకే తెర మీద పక్కపక్క వరుసల్లో చూపి; తెల్లవారు ముందు = సూర్యోదయం కానంతవరకు; తేది నిలిపి = పన్నెండు కొట్టగానే రోజు మార్చేయక; పైక మడుగనట్టి = లైసెన్సు రుసుము కోరని; పంచాంగఫలకమ్ము = క్యాలెండర్ కాంపొనెంటును; వెదకి పట్టువాడె = ఎన్‌పీఎమ్ మహారణ్యంలో గాలించి తెచ్చినవాడే; విబుధుఁ డగును = పండితుడనిపించుకుంటాడు.

తాత్పర్యం: హాళ్లన్నీ ఒక్కచోట చూపాలి, రాత్రి లగ్నాల రోజు తప్పకూడదు, ఖర్చు కాకూడదు.

విశేషాలు: "ముందర నిలబెట్టి" అనడం సాభిప్రాయం. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. బాపట్ల, రేపల్లెలు 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాలో చేరాయి. జిల్లాలు వేరైనా పెళ్లివారి ప్రశ్న మారలేదు: "ఇక్కడ ఖాళీ లేకపోతే అక్కడుందా?" ఫుల్‌క్యాలెండర్ ఉచితమే కాని, హాలుకో వరుస కావాలంటే ప్రీమియం మెట్టెక్కాలి. రియాక్ట్ బిగ్ క్యాలెండర్ ఆ వరుసలను ఊరికే ఇస్తుంది.

"తేది నిలిపి" ప్రాణపదం. శుభలేఖ "ఆదివారం రాత్రి తెల్లవారితే సోమవారం 2.35 ని.లకు" అంటుంది. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ఫలకం ఆ పెళ్లిని సోమవారం గడిలో వేస్తే, గుమాస్తా ఆదివారం రాత్రి హాలు ఖాళీ అనుకుని ఇంకొకరి దగ్గర అడ్వాన్సు పుచ్చుకుంటాడు. ఫుల్‌క్యాలెండర్‌లో నెక్స్ట్‌డేథ్రెషోల్డ్ ఉదయం 6 అని పెడితే, ఆదివారం సాయంత్రం మొదలై వేకువ 4కు ముగిసే బుకింగు నెల పేజీలో ఆదివారం గడి దాటదు.

పూర్వపక్షం: తేదీని యూటీసీలో దాచితే చాలదా? మన గడియారం దానికి 5.30 గంటలు ముందు. ఇక్కడి సోమవారం 2.35 అక్కడ ఆదివారం రాత్రి 9.05. ప్రోగ్రామర్లందరూ తిట్టుకునే దోషం ఇక్కడ శాస్త్రసమ్మతమైంది కదా!

సిద్ధాంతం: కాదు, అది కాకతాళీయం. మాఘమాసంలో 6.10కి తెనాలిలో సూర్యోదయం కాలేదు. యూటీసీలో అప్పటికే సోమవారం వచ్చేసింది. కనుక ముహూర్త సమయాన్ని ఒకచోట, శుభలేఖలోని రోజును మరోచోట రాసుకుని, ఫలకానికి రెండోదే చూపాలి. అప్పుడు రెండో గుణం లైబ్రరీలో లేకపోయినా లోటుండదు, ఉచితమైనదే గ్రాహ్యం. విబుధుడు లైబ్రరీ వెదికే ముందు శుభలేఖ చదువుతాడని కవి హృదయం.