ఉత్తర గోసేకరణం

దుర్యోధనుడి కొలువులో సలహాదారులకు కొదవ లేదు గానీ, నోటిఫికేషన్ రాసిపెట్టే గుమస్తా ఒక్కడు లేకపోయాడు. ఉండుంటే విరాటపర్వంలో గోగ్రహణం జరిగేదే కాదు. ప్రజా ప్రయోజనార్థం మత్స్యదేశంలో ‘గోసేకరణ’ జరిగేది. విరాటుడు ‘పశువులు కోల్పోయిన లబ్ధిదారు’ అయ్యేవాడు. రథమెక్కి అడ్డుపడిన బృహన్నల మీద అభివృద్ధి నిరోధకుడని కేసు పడేది.

ఒకరి సొమ్ము ఇంకొకరు తీసుకోవడానికి తెలుగులో క్రియలకు కరువా? కాజేయడం, నొక్కేయడం, లాక్కోవడం, గుంజుకోవడం, ఊడబెరుక్కోవడం. దేని తీరు దానిదే. కాజేసేవాడు కంటపడడు. లాక్కునేవాడు కళ్లెదుటే ఉంటాడు. నొక్కేసేది సాధారణంగా లెక్కలు రాసేవాడే. ఊడబెరుక్కోవాలంటే మాత్రం అవతలివాడు గట్టిగా పట్టుకుని ఉండాలి. ఇంత సంపద చేతిలో ఉన్నా మన ప్రభుత్వాలు వీటి జోలికి పోవు. అవి ‘సేకరిస్తాయి’. పిల్లలు స్టాంపులు సేకరిస్తారు, కార్యకర్తలు సంతకాలు సేకరిస్తారు, సర్కారు మూడెకరాల మాగాణి సేకరిస్తుంది. పొలాలేవో గట్ల మీద రాలిపడి ఉంటే ఏరుకున్నట్టు!

ఈ సేకరణ ఎలా ఉంటుందో చూడాలంటే పత్రిక లోపలి పేజీల్లో వచ్చే భూసేకరణ ప్రకటన చదవండి. భూతద్దం దగ్గర పెట్టుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్టా మాగాణా, పట్టాదారు పేరు, హద్దులు, చెట్లు, కట్టడాలు అన్నీ గళ్లలో ఉంటాయి. తాత తవ్వించిన బావి ‘కట్టడాలు’ గడిలో ఒక అంకె. అభ్యంతరాలుంటే 60 రోజుల్లో చెప్పుకోవాలి. అన్నీ అయ్యాక కలెక్టరు పరిహారం తేలుస్తూ ఉత్తర్వు ఇస్తారు. దాని పేరేమిటో తెలుసా? అవార్డు! నటులకు నందులిచ్చినట్టు, పొలం పోయినవాడికి అవార్డు. ఇంతకంటే పెద్ద జోకు వేయడం ఏ వ్యంగ్య రచయిత తరమూ కాదు.

ఆ అవార్డులో సొలేషియం అని ఒక పద్దు ఉంటుంది. అంటే ఓదార్పు సొమ్ము. 1894 నాటి పాత చట్టం చివరి రోజుల్లో అది 30 శాతం. 2014 జనవరి 1న అమల్లోకొచ్చిన 2013 చట్టంలో నూరు శాతం. మంచిదే. కానీ ఎవరూ ఏమీ లాక్కోనప్పుడు ఓదార్పు దేనికి? ఇష్టంతో అమ్ముకున్నవాణ్ని ఎవరైనా ఓదారుస్తారా? ‘సేకరణ’ అన్న మాట దాచిన నిజాన్ని ఈ ఒక్క పద్దు బయటపెడుతోంది. సమ్మతి మాటకొస్తే, ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం మంది ఒప్పుకోవాలని అదే చట్టం చెప్పింది. సర్కారు తన సొంత అవసరానికి తీసుకుంటే ఆ నిబంధనే లేదు. అడగనక్కర్లేకుండా తీసుకోవడాన్ని సేకరణ అనడానికి ఎంత ధైర్యం కావాలి!

తెలంగాణలో భూముల కొనుగోలుకు 2015లో వచ్చిన జీవో 123 ఇంకో అడుగు ముందుకేసింది. అందులో రైతు ‘ఇష్టపడి అమ్మేవాడు’. ఆ ఇష్టం ఎంత గాఢమైనదంటే, జనం కోర్టుకెక్కారు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు.

ఇక వ్యాకరణం చేసే మాయ చూడండి. ‘భూములు కోల్పోయిన రైతులు’ అని రాస్తారు. బస్సులో గొడుగు మరిచిపోయిన బాపతన్నమాట! తీసుకున్నవాడు వాక్యంలోంచి జారుకుంటాడు, పోగొట్టుకున్నవాడు కర్తగా మిగులుతాడు. ‘ముంపు గ్రామాలు’ అంటారు. పోలవరం కింద, మల్లన్నసాగర్ కింద ఊళ్లను గోదావరి తనంతట తాను వచ్చి ముంచినట్టు! ప్రారంభోత్సవం నాడు శిలాఫలకం మీద మంత్రుల పేర్లన్నీ చెక్కుతారు గానీ, ముంపు దగ్గరికొచ్చేసరికి చేసింది నీళ్లే. మైకు చేతికొస్తే నిర్వాసితులది ‘త్యాగం’. త్యాగం చేసేవాడికి వద్దనే వీలుండాలి కదా? ఆ వీలు శిబి చక్రవర్తికి ఉంది, మల్లన్నసాగర్ కింద మునిగిన వేములఘాట్ రైతుకు లేకపోయింది.

అసలు సంగతేమిటంటే, క్రియ మారేది పని మారినందుకు కాదు, మనిషి మారినందుకు. చెరువు శిఖంలో పేదవాడు గుడిసె వేస్తే ఆక్రమణ. అక్కడే పెద్దాయన మేడ కడితే కొన్నాళ్లకు క్రమబద్ధీకరణ. పేదకిచ్చిన అసైన్డ్ భూమిని సర్కారు వెనక్కి తీసుకుంటే దానికి ‘తిరిగి స్వాధీనం’ అని పేరు. ఇచ్చింది మేమే గదా, మళ్లీ పరిహారమేమిటని వాదన. అలా కుదరదు, పట్టాదారులతో సమానంగా వాళ్లకూ పరిహారం ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో తేల్చాల్సి వచ్చింది. రాష్ట్రాల మధ్యా ఇదే తీరు. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఆంధ్రలో అది ‘విలీనం’, తెలంగాణలో ‘గుంజుకున్నరు’. పటం ఒక్కటే, గీత ఒక్కటే.

ఆస్తి హక్కుకు సైతం ఈ మర్యాదే జరిగింది. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300ఎ అధికరణలో కూర్చోబెట్టింది. అయినా చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ హరించరాదని ఆ అధికరణ చెబుతుంది. రాజ్యాంగం సంకోచించకుండా చెప్పిన ‘హరించడం’ అన్న మాట చెప్పడానికి తాసీల్దారుకు మొహమాటం!

ప్రాజెక్టులు వద్దా, రోడ్లు వద్దా అని అడిగేవాళ్లు ఉంటారు. కావాలి. నాగార్జునసాగర్ నీళ్లు తాగి పెరిగిన పంట తింటూ కాదనేదెవరు? తీసుకునే అధికారం చట్టం ఇచ్చింది, తీసుకోండి. ఆ అధికారాన్ని దాని పేరుతో పిలవడానికి సిగ్గెందుకు? సిగ్గుపడేంత పనైతే పరిహారం పెంచండి, పునరావాస కాలనీకి నీళ్లివ్వండి, ఉద్యోగమన్న హామీ నిలబెట్టండి. మాట మార్చితే సరిపోదు.

విలేకరి మిత్రులకు ఒక విన్నపం. రేపటి వార్తలో ‘భూములు కోల్పోయారు’ అని రాయకండి. ఏ శాఖ, ఏ ఊళ్లో, ఎవరి దగ్గర, ఎన్నెకరాలు తీసుకుందో, ఇస్తానన్నదెంతో, ఇచ్చిందెంతో రాయండి. కర్త ఉన్న వాక్యానికి జవాబు చెప్పేవాడు కూడా ఉంటాడు.