బొంబాయి, దుబాయి, బోయిసీ

మా అక్క కొడుకు రెండు నెలలుగా ఒక ఎక్సెల్ షీటుతో కాపురం చేస్తున్నాడు. ఒక గడిలో చాండ్లర్, అరిజోనా. పక్క గడిలో బోయిసీ, ఐడహో. రెండూ అమెరికా పడమటి దిక్కున ఉన్న నడితరం ఊళ్లు, రెండూ చిప్పుల కంపెనీలున్న ఊళ్లు. రెండుచోట్లా కొలువు దొరికింది. ఇంటి కిరాయి, పన్ను, మంచు, గుడి, దోశపిండి దొరికే దూరం, కిరాయిని జీతంతో భాగిస్తే ఎంత... ముప్పై రెండు వరుసలు. మా ఇంట్లో పెళ్లిచూపులకు కూడా ఇన్ని ప్రశ్నలు పడలేదు.

మొన్న వీడియో కాల్‌లో మా ఊరు ధర్పల్లి అరుగు మీదే పంచాయితీ పెట్టాడు. చాండ్లర్ పక్కనున్న ఫీనిక్స్‌లో 2023 ఎండాకాలం వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటిందట. మా అక్క నోరు నొక్కుకుంది. "గా ఎండకు గంత దూరం వోవుడెందుకు బిడ్డా? నిజామాబాద్ బస్టాండ్ల నిలవడితె సాలదా?"

దుబాయిలో పద్దెనిమిదేళ్లు తాపీపని చేసొచ్చిన మా చిన్నాయన చుట్ట ఆర్పి అన్నాడు: "మా షీట్ల ఒక్కటే గడి ఉండె. ఏజెంటుకు ఎంతియ్యాలె."

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. తెలంగాణ వలసను మూడు మాటల్లో చెప్పిన పాత లెక్క ఇది. ఇప్పుడు ప్రాస చెడకుండా బోయిసీ కూడా చేరింది. మనవాళ్లకు బతుకు కుదరకపోయినా ప్రాస కుదురుతుంది.

ఆ బోయిసీ కథ విని నాకు కడుపు మండింది. 1978లో ఒక పంటి డాక్టరు ఆఫీసు నేలమాళిగలో నలుగురు కలిసి మైక్రాన్ అనే చిప్పుల కంపెనీ పెట్టారు. తొలినాళ్లలో దానికి డబ్బు పెట్టినవాళ్లలో జె.ఆర్. సింప్లాట్ ఒకడు. ఆలుగడ్డల ఆసామి. పద్నాలుగేళ్లకే బడి మానేసి, మెక్‌డొనాల్డ్స్‌కు వేపుడు ముక్కలు అమ్మి కోట్లు గడించినవాడు. ఆలు చిప్సు అమ్మిన సొమ్ము కంప్యూటర్ చిప్పులకు పెట్టుబడి అయింది. కాలువ కింద పండిన పంట సొమ్ము ఆ ఊళ్లోనే ఇంకో పంట వేసింది.

మనకు కాలువ లేదా? మంజీర మీద నిజాంసాగర్ 1931కే కట్టారు. చెరుకు లేదా? 1937లో బోధన్‌లో నిజాం షుగర్స్ పెట్టారు. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. ఆ ఫ్యాక్టరీ శక్కర్‌నగర్ క్వార్టర్‌లో ఉండే అల్లుడంటే ఆ రోజుల్లో ఇప్పటి గ్రీన్‌కార్డు అల్లుడే. 2002లో సర్కారు నూటికి 51 వంతులు ప్రైవేటుకు రాసిచ్చింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి తాళం పడింది. అప్పటి నుంచి అది ఎన్నికల కాలంలో మాత్రమే నడుస్తోంది. చక్కెర రాదు గానీ తీపి మాటలకు లోటు లేదు.

పసుపు సంగతీ అంతే. బోర్డు కావాలని 2019లో నిజామాబాద్ ఎంపీ సీటుకు 170 మందికి పైగా రైతులే పోటీకి నిలబడితే, పసుపు బోర్డు 2025లో వచ్చింది. నిజామాబాద్‌కు 2023లో ఐటీ హబ్ కూడా వచ్చింది. మా మేనల్లుడి షీటులో ఆ హబ్బుకు వరుస లేదు. ఎందుకురా అంటే, "గుర్తు రాలే మామా" అన్నాడు. వాడి తప్పేముంది?

అన్నట్టు, ఆ ముప్పై రెండు వరుసల్లో లేనిది ఇంకోటుంది. వీసా. హెచ్-1బీ వీసాలు ఏడాదికి 85 వేలు, అదీ లాటరీ. చీటీ తగలకపోతే చాండ్లర్ ఎండా లేదు, బోయిసీ మంచూ లేదు. ఎవడో కంప్యూటర్ మీట నొక్కి చీటీలు తీస్తుంటే, మనవాడు మాత్రం దోశపిండి ఎన్ని మైళ్లో కొలుస్తున్నాడు. ఏజెంటు మారాడంతే. దుబాయి ఏజెంటుకు కనీసం ముఖమైనా ఉండేది, ఇంటికెళ్లి తిట్టడానికి వీలుండేది.

నేను ఊరుకోలేక, మూడో గడిలో బోధన్ పెట్టి చూడరా అన్నాను. టకటక కొట్టాడు. గుడి దగ్గర, మంచు లేదు, దోశపిండి వీధి చివర. మా అక్క ముఖం వెలిగింది. అంతలో వాడు తల గోక్కున్నాడు.

"మామా, జీతం కాడ సున్న వెట్టంగనే ఎర్రర్ కొడుతుంది. షీటంత ఖరాబైతది, తీసేస్తున్న."